రమణ తెచ్చిన పైపు ముక్క

మంగళవారం, రాత్రి

రమణకి ఓడలు కట్టే యార్డులో వెల్డర్ ఉద్యోగం వచ్చింది. నేను సంతోషించాలి. మల్కాపురం చర్చి వెనక రేకుల షెడ్డులో పని లేనివాళ్లకి వెల్డింగ్ నేర్పుతున్నది ఇందుకే కదా. ఆర్నెల్ల కిందట ఆటో అమ్ముకుని వచ్చాడు. అప్పుడు అతని చేతి మీద నా చెయ్యి వేసి మరీ వెల్డింగ్ గీత గీయించాను.

ఉద్యోగానికి పైపు ముక్కలు అతికించమని పెట్టే అదే యార్డు టెస్టులో నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలీదు.

టెస్టులో పాసైన ముక్కని ఇంట్లోవాళ్లకంటే ముందు మాస్టారికి చూపించడం మా దగ్గర అలవాటు. సాయంత్రం రమణ తన పైపు ముక్క తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"మీరు సెప్పినట్టే సేసినాను మాస్టారూ. ఒక్కసారికే పాసైపోనాను."

దాన్ని లైటు కిందికి తీసుకెళ్లి అతుకు చుట్టూ గోరుతో తడిమాను. ఎక్కడా వంక దొరకలేదు. ఇరవై ఏళ్లలో నా చేత్తో అంత నున్నటి అతుకు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఇక్కడ కొంచెం తేడా ఉంది," అనేశాను.

అతని మొహం చిన్నబోయింది. యార్డు వాళ్లు బాగుందన్నారని వాదిస్తాడనుకున్నాను.

"ఆళ్లేటి సూసుంటారు మాస్టారూ, మీరు సెప్పినారంటే ఉన్నట్టే. రేపు డూటీకి ముందే ఆరింటికొచ్చేత్తాను. సరిగ్గా నేర్పీయండి."

రమ్మన్నాను. పొద్దున్నే వస్తాడు. అందులో లేని తప్పుని ఎలా దిద్దుకోవాలో నేనతనికి నేర్పాలి.