పైవాడి భాష

మా అక్క నోటికి ఇన్నేళ్ళుగా ఎదురుచెప్పకుండా బతికి బట్టకట్టిన బావకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం అక్క చేతికి చిక్కకూడదని మీ ఆఫీసు చిరునామాకి రాస్తున్నాను. చదివాక చింపెయ్యి. నా అక్షరాలు చూసి నవ్వుకుంటే నవ్వుకో. ఎనిమిదో తరగతి గడప దాటనివాడి దస్తూరీ ఇంతకన్నా బాగుంటే అనుమానించాలి.

మీ గిడ్డంగి గేటు దగ్గర కూర్చునే ముసలాయన మానేస్తున్నాడన్నావు కదా, ఆ కుర్చీ నాకిప్పించు. యార్డు వదిలేద్దామనుకుంటున్నాను. ఇది అక్కకి తెలీదు, నా పెళ్ళానికీ తెలీదు. తెలిస్తే ఇద్దరూ కలిసి నన్ను ఉతికి ఆరేస్తారు.

నా పనేమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పినట్టు లేను. మా ఓడల యార్డులో పెద్ద క్రేను ఉంది. దానిమీద, మేడమీద మేడ కట్టినంత ఎత్తున, గాజు గదిలో ఒకడు కూర్చుంటాడు. కొక్కేనికి వేలాడే బరువు ఎక్కడ ఆనుతుందో వాడికి సరిగ్గా తెలీదు. కింద నిలబడ్డ నాకు తెలుస్తుంది. నేను చేతులతో చెప్తాను, వాడు చేస్తాడు. చూపుడువేలు ఆకాశంకేసి తిప్పితే ఎత్తాలి. నేలకేసి తిప్పితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. నా చెయ్యి కనబడకపోతే కూడా ఆపాలి. అంతే మా చదువు. ఈ చదువుతో ఏళ్ళ తరబడి ఒక్క ఓడకి గీత పడకుండా నెట్టుకొచ్చాం.

వాణ్ణి అందరం పైవాడంటాం. "ఈ ఇంజను ఎప్పుడు దిగుతుంది?" అని ఫిట్టర్లు అడిగితే, "పైవాడి దయ" అని దణ్ణం పెడతాను. వాడు వేరే దేశంవాడు. క్రేను కొన్నప్పుడు పెట్టెతోపాటు తాళంచెవి వచ్చినట్టు దానితో వచ్చాడు. మనిషి ముభావంగా ఉంటాడు. కిందికి దిగితే నా పక్కన కూర్చుని తింటాడు, నా చేతుల భాగోతం చూసి నవ్వుతాడు. మా మేనేజరు బుగ్గలాయన అటుగా వచ్చాడంటే నేను బుగ్గలు పూరించి వాటిమీద చెయ్యి వేసుకుంటాను. వాడు తల ఊపుతాడు. ఈ యార్డులో నాకు దోస్తంటూ ఉంటే వాడే, ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోకపోయినా.

ఇప్పుడు పెద్ద ఓడలు వస్తున్నాయి. ఓడకి అవతలి పక్క బరువు దించాలంటే నేను వాడికి కనబడను. నేనెంత చెయ్యి ఊపినా చూసేది చేపలే. అందుకని మాట్లాడే డబ్బా ఒకటి తలా చేతిలో పెట్టారు. డబ్బాలో చెయ్యి ఊపలేం కదా. క్రేను కింద పనిచేసేవాళ్ళంతా పైవాడి భాష నేర్చుకోవాలని బుగ్గలాయన హుకుం. క్యాంటీను వెనక గదిలో రోజూ సాయంత్రం క్లాసు. చివర్లో పరీక్ష. తప్పితే నన్ను తాళ్ళ కొట్లోకి తోస్తారు, నా చోట ఎవడో కుర్రకుంక నిలబడతాడు.

మొదట్లో నా వేషాలు నేను వేశాను. పంతులమ్మ కుర్చీకి గ్రీజు రాశాను, హాజరు పిలిస్తే చచ్చిపోయినవాళ్ళ పేర్లకి కూడా పలికాను. అందరూ పడీపడీ నవ్వారు. మొన్న ఆవిడ నన్ను లేపి, ఆ భాషలో, "మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది. బావా, ప్రతి మాటా అర్థమైంది. జవాబూ తెలుసు. నోరు మాత్రం తెరుచుకోలేదు. మూతపడదని ఊరంతా తిట్టే ఈ నోరే! వెనకనుంచి వెల్డరు, "మామా, చేతులతో చెప్పెయ్!" అన్నాడు. గది గదంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. తరవాత బయటికెళ్ళి కుళాయి కింద తల పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

నేను నవ్విస్తే నవ్వడం నా సంపాదన. మొన్నటిది ఎవడి సంపాదనో నాకు తెలీదు. ఈ వయసులో అది పడలేను. గేటు దగ్గర ఏ భాషా అక్కర్లేదు, కర్ర ఉంటే చాలు. తొందరగా రాయి.

నీ దిక్కుమాలిన బావమరిది


బావా, నా పాలిట హెడ్మాస్టరూ,

నీ ఉత్తరం అందింది. "ఇంకో భాష వస్తే ఇంకో మనిషివవుతావు" అని రాశావు. ఉన్న ఒక్కణ్ణే నా పెళ్ళాం భరించలేకపోతోంది, ఇంకొకణ్ణి ఎక్కడ పడుకోబెట్టమంటావు? కుర్చీ ఖాళీగా ఉంచుతాను, ముందు వెళ్ళి ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడి చూడు అన్నావు. నీ మాట విన్నాను. విని చెడ్డాను.

ఒక్క వాక్యం పట్టుకుని స్నానాల గదిలో, దారిలో, అన్నం ముందు జపం చేశాను. "బాగున్నారా? మీ ఇంట్లో అందరూ కులాసానా?" అంతే. పైవాడు నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటుంటే ఎదురెళ్ళి అడిగేశాను. వాడు నన్ను చూశాడు. మొహంలో నెత్తురు లేదు. తల అటూ ఇటూ కాకుండా ఒకలా ఊపి, తినకుండానే మళ్ళీ నిచ్చెన ఎక్కిపోయాడు. ఆ రోజునుంచి నా పక్కన కూర్చోవడం మానేశాడు. పైనుంచి నా చేతుల్నే చూస్తాడు, మొహం చూడడు.

నాకు తల తిరిగిపోయింది. తిట్టానా? పోయినవాళ్ళ సంగతి ఎత్తానా? పంతులమ్మ దగ్గరికెళ్ళి అదే వాక్యం అప్పజెప్పాను.

"శుభ్రంగా ఉందండీ. తప్పేం లేదు," అంది.

"తప్పు లేకపోతే మనిషి పారిపోతాడా అమ్మా?"

"ఎవరు పారిపోయారు?"

"ఎవరో ఒకరులెండి," అని వచ్చేశాను.

కోపం వచ్చింది. మాటలు రాక ముందు మనుషుల్లా ఉన్నాం, ఒక్క మాట వచ్చేసరికి ఇలా అయ్యాం. ఈ క్లాసే లేకపోతే ఈ పీడ వదులుతుందని మా ఇంటి తాళంకప్ప జేబులో వేసుకుని, పొద్దున్నే పని సైరను మోగకముందే ఆ గదికి వెళ్ళాను. నా తాళం వేసేసి, చెవి నీళ్ళలోకి విసిరేద్దామని. తీరా వెళ్తే లోపల మాటలు. పొద్దున ఆఫీసువాళ్ళకేదో క్లాసుందని విన్నాను గానీ పట్టించుకోలేదు. కిటికీలోంచి తొంగిచూశాను.

బెంచీలో పట్టని మోకాళ్ళతో పైవాడు కూర్చుని ఉన్నాడు. ఒక్కడే. పంతులమ్మ వాణ్ణి లేపి, "మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది. వాడి నోరు తెరుచుకోలేదు. చెమట కారిపోతోంది. కాసేపటికి వాడి కుడిచెయ్యి దానంతటదే లేచి పిడికిలి బిగించింది. ఆపండి, అని. ఆవిడకేం తెలుస్తుంది? మళ్ళీ అడిగింది. బయట నిలబడ్డ నేను తాళంకప్ప మళ్ళీ జేబులో వేసుకున్నాను.

వాడు వెళ్ళాక లోపలికి వెళ్ళాను. "అదేంటమ్మా, వాడి భాష వాడికే నేర్పుతున్నారు?"

"ఆయనది ఈ భాష అని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పడమేంటి, క్రేనుతో వచ్చాడు, క్రేను మీద అంతా అదే రాసుంది..."

"మీ మేనేజరుగారూ ఇదే అన్నారు," అంది ఆవిడ నుదురు కొట్టుకుంటూ. "క్రేను తయారైంది ఒక దేశంలో. ఆయన పుట్టింది ఇంకో దేశంలో. ఆ మీటలమీద ఏం రాసుందో కూడా ఆయన చదవలేరు, ఏది ఎక్కడుందో చేతికి తెలుసు. ఆయన భాష నాకూ రాదు, వచ్చీరాని ముక్కల్లో, సైగల్లో చెప్పుకున్నారు. అందరూ ఆయనకి ఇది వచ్చనుకుంటున్నారు, రాదని తెలిస్తే పైనుంచి దించేస్తారని భయపడి, జీతంలోంచి ఇచ్చి నా దగ్గర నేర్చుకుంటున్నారు. బయటపెట్టకండి, మీకు పుణ్యముంటుంది."

అంటే, నేను కులాసా అడిగిన రోజున, బుగ్గలాయన పంపితే పరీక్ష పెట్టడానికి వచ్చాననుకున్నాడన్నమాట! నేను వాడి భాష అనుకుని గుండెలు బాదుకుంటున్నది వాడికి నాకంటే తక్కువ వచ్చు. ఇంక నేను ఎవరితో మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నాను బావా? వాడెవరికోసం నేర్చుకుంటున్నాడు? మా ఇద్దరి మధ్యా ఈ మూడోది ఎందుకొచ్చి కూర్చుంది?

ఇంకో సంగతి. దీన్ని నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఒక్క మాట బుగ్గలాయన చెవిన వేస్తే క్లాసులుండవు, పరీక్ష ఉండదు, నా పరువు దక్కుతుంది. పైవాడు మాత్రం పెట్టె సర్దుకోవాలి. ఆ మాట నాలుక చివర ఉంది. మింగలేను, ఉమ్మలేను. గేటు దగ్గరికి వచ్చేస్తే రెండూ చెయ్యక్కర్లేదు కదా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటావో సలహా రాయి. గోడమీద రాసుకునే సలహా వద్దు.

బుర్ర పనిచెయ్యని నీ బావమరిది


ఆలస్యంగానైనా సరైన ముక్క రాసే బావకి,

"వాణ్ణే అడుగు" అని రెండే మాటలు రాశావు. అది అందేసరికి నేనా పని చేసేశాను, నీ తెలివి కాదులే, నీకు రాసిన మర్నాడు తిండివేళ వాడు పైనే ఉండిపోతే ఒళ్ళుమండి నిచ్చెన ఎక్కేశాను. సగంలో కళ్ళు తిరిగాయి. గాజు గది తలుపు కొట్టి, నా పాఠంలో మొదటి ముక్క, "నాకు ఈ భాష రాదు" అన్నాను. వాడు అదే వాక్యం నాకు తిరిగి చెప్పాడు. నవ్వాడు చూడు బావా, క్రేను ఊగింది.

అప్పట్నుంచి తిండివేళ ఇద్దరం కలిసి వల్లెవేశాం. పైకి, కిందికి, మెల్లగా, ఆపు. ముందు ఆ మాటలు. తరవాత మిగతావి. మా ఇద్దరికీ అది అత్తారిల్లే కాబట్టి ఎవడూ ఎవణ్ణీ వెక్కిరించే వీల్లేదు. నేను బుగ్గలు పూరిస్తే, అది బుగ్గలాయన అని వాడికి ఇన్నేళ్ళుగా తెలీదట! నాకు పంటినొప్పనుకున్నాడట, పాపం మనిషికి ఎంత బాధో అని తల ఊపేవాడట. ఇద్దరం ఒకే హాస్యానికి నవ్వుకుంటున్నామని నేను తెగ మురిసిపోయాను.

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను. వాడు మాటలు ఏరుకుని, "చెల్లెలు," అన్నాడు. వేళ్ళతో లెక్కపెట్టి, పాఠంలో గడిచిపోయినవాటికి చెప్పే మాట వెతికి పట్టుకుని, "ఉండేది," అన్నాడు. కిందటేడు చనిపోయిందట. అప్పుడూ రోజూ వాడి పక్కనే కూర్చుని తిన్నాను. నేను బుగ్గలు పూరించాను, వాడు తల ఊపాడు.

ఇంక బుగ్గలాయన చెవిలో వెయ్యాల్సిన మాట సంగతంటావా, అది నా నాలుకమీంచి ఎప్పుడు జారిపోయిందో గమనించలేదు.

పరీక్ష నిన్న జరిగింది. ఓడ వెనకుండే పంకా అవతలి పక్కకి దించాలి. ఒక్కో రెక్క మనిషంత ఉంటుంది. నా పక్కన బుగ్గలాయన, పంతులమ్మ. నా చేతిలో డబ్బా. ఓడ అడ్డంగా ఉండి పైవాడు నాకు లేడు, నేను వాడికి లేను. "కిందికి," అన్నాను. పంకా దిగింది. "మెల్లగా." మెల్లగా దిగింది. బుగ్గలాయన గడ్డం నిమురుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఆ వెల్డరు, నన్ను వెక్కిరించినవాడే, మొహానికి తొడుగు వేసుకుని పైకి చూడకుండా పంకా కిందికి నడుచుకుంటూ వచ్చాడు.

బావా, నేర్చుకున్నదంతా ఆవిరైపోయింది. ఆ భాష లేదు, తెలుగు లేదు. డబ్బా వదిలేసి రెండు చేతులూ పైకెత్తి పిడికిళ్ళు బిగించాను. ఎవరికోసం? నా ముందు ఇనపగోడ. దానవతల ఎక్కడో పైవాడు. పిచ్చివాడిలా ఆ గోడకి పిడికిళ్ళు చూపిస్తూ నిలబడ్డాను.

పంకా ఆగిపోయింది.

నా గొంతు వినబడలేదని వాడు ఆపేశాడు. చెయ్యి కనబడకపోతే ఆపాలన్నట్టే, గొంతు వినబడకపోయినా ఆపాలని ఎవరూ చెప్పకుండానే వాడికి తోచింది. పంతులమ్మ పరిగెత్తి వెల్డరు చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. మెడలో వేలాడుతున్న డబ్బాలోంచి పైవాడి గొంతు వచ్చింది. తెలుగులో. యార్డులో పొద్దస్తమానం అందరూ అరుచుకునే మాటే, ఎప్పుడు పట్టేశాడో.

"ఏమైంది?"

నా చేతుల్లో ఎత్తు ఉంది, దించు ఉంది, ఆగు ఉంది. ఇన్నేళ్ళలో ఏమైందని వాడు నన్ను గానీ నేను వాణ్ణి గానీ అడగడానికి ఏ వేలూ లేదు. డబ్బా నోటి దగ్గర పెట్టుకున్నాను. నోట్లో రెండు భాషలు ఒకేసారి తోసుకున్నాయి. "మనిషి... కింద... ఇప్పుడు లేడు," అన్నాను, ఏది ఏ భాషో దేవుడికెరుక. "సరే," అన్నాడు వాడు. పంకా దిగి, చెక్కదిమ్మెల మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

బుగ్గలాయన పంతులమ్మ కేసి తిరిగి, "అతను తెలుగు మాట్లాడాడేంటి? ఇతనేం మాట్లాడాడు? అసలిది పాసా ఫెయిలా?" అన్నాడు.

"ఇద్దరూ ఈ భాషకి కొత్తవాళ్ళేనండీ. క్రేను మీద రాత చూసి ఆయన భాష అదే అనుకున్నాం," అని ఆవిడ ఉన్నదంతా చెప్పేసింది. వాడిచేత పెట్టె సర్దిస్తారనుకున్నాను. ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి, తరవాత తెల్లబడ్డాయి. పంకా చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "గీతలేం పడలేదుగా," అన్నాడు. "ఇద్దరికీ కలిపి ఇంకో ఆర్నెల్లు క్లాసు పెట్టండి. పొద్దున క్లాసు డబ్బులు ఆఫీసు ఇస్తుంది."

"మీరూ ఏదన్నా భాష మొదలుపెట్టండి సార్," అంది పంతులమ్మ. ఆవిడ కుర్చీకి గ్రీజు రాసిన చేతులు నరుక్కోవాలనిపించింది.

కాబట్టి ఆ గేటు కుర్చీ ఇంకెవరికైనా ఇప్పించు. పాసయ్యానో లేదో ఇప్పటికీ తెలీదు. ఎవరి భాష ఎవరిదో, నేను నేర్చుకుంటున్నది ఏదో కూడా అయోమయంగానే ఉంది. ఈమధ్య వాడి సొంత భాషలో రెండు ముక్కలు అడిగాను. మన భాషలో లేని చప్పుడేదో గొంతు లోపలినుంచి తీయమంటున్నాడు. ఇంట్లో సాధన చేస్తుంటే నా పెళ్ళాం మిరియాల కషాయం కాచింది.

నిన్న పని ముగిశాక వాడు దిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చేతులు పట్టుకుని మళ్ళీ అడిగాడు, ఏమైందని. చెప్పడం మొదలుపెట్టాను. వెల్డరు సంగతి, కుళాయి సంగతి, ఉద్యోగం మానేద్దామనుకున్న సంగతి. ఎక్కడికక్కడ మాట దొరక్క ఆగుతున్నాను, వాడు ఎదురుచూస్తున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాను. సైరను మోగింది. అందరూ వెళ్ళిపోయారు. నేను సగంలోనే ఉన్నాను.

అక్కకి చెప్పినా ఇంక ఫరవాలేదు.

నీ బావమరిది
(కొక్కెం కిందే ఉన్నాడు)