చచ్చినవాడు లేచిరాని నవల

16-6-68, ఆదివారం. రేపల్లె

కోటిరత్నం అక్క ఈ పుస్తకాన్ని కూడా గోడకేసి కొట్టింది. క్లైమాక్సులో సంజీవని తగిలిందో లేదో రాజకుమారుడు లేచి కూర్చున్నాడు మరి.

పోయిన కార్తీకంలో వీరాస్వామి బావ చేపల వేటకెళ్ళిన పడవ నిజాంపట్నం తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అప్పటి నుంచి అక్క మా ఇంట్లోనే, గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. జానపద నవల చదివి వినిపిస్తే నాలుగు ముద్దలు తింటుంది. చచ్చిన హీరో బతికాడంటే అవీ మానేస్తుంది. మనిషి పుల్లయిపోయింది. బావ వచ్చేదాకా దాన్ని బతికించుకోవాలి.

18-6-68. తెనాలి

ఆఫీసు అవగానే అద్దె పుస్తకాల చంద్రశేఖరం గారి కొట్టుకెళ్ళి, చచ్చినవాడు చచ్చినట్టే ఉండే జానపదం ఉందా అండి అని అడిగాను. ఆయన బిత్తరపోయాడు. హీరోని చంపేస్తే అద్దె ఎవరిస్తారమ్మాయ్ అన్నాడు.

2-7-68

బాపట్ల లైబ్రరీ కూడా గాలించాను. అదే మాంత్రికుడు, అదే చిలక, అదే సంజీవని. ఛీ.

14-7-68, ఆదివారం. రేపల్లె

దొరికింది.

నిన్న చంద్రశేఖరం గారి కొట్టులో తెచ్చి అక్క మంచం మీద పడేశాను. ఇవాళ చదివాను. రాజకుమారుడు సముద్రంలో మునిగిపోయాడు. అంతే, పోయాడు. రాజకుమారి తనే తెడ్డు పట్టింది. పేజీ తిప్పితే అట్ట. సమాప్తం అని కూడా లేదు. కొయ్యబారిపోయాను. ఎంత గుండె ధైర్యం ఈ రచయితకి.

అక్క లేచింది. తనే కంచం పెట్టుకుంది. పులుసు రెండోసారి వేయించుకుంది. అమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది.

16-7-68. తెనాలి, సాయంత్రం 5

చంద్రశేఖరం గారు పుస్తకం వెనక నుంచి తెరిచి నా వంక అదోలా చూశాడు. ఆఖరి పేజీలు చింపేసి ఉన్నాయి. ఎవరికిచ్చినా ఆఖరి పేజీ చూపించి మరీ ఇస్తాడాయన. నాకూ చూపించాడు, నేనే చదవకుండా తలూపాను. కాదనలేను. వాటిలో ఏముందండి అని అడిగాను. ఏముంటుందమ్మాయ్, ముని వచ్చి బతికిస్తాడు అన్నాడు.



రేపల్లె, రాత్రి 8

అడిగాను. పొయ్యిలో పెట్టానంది అక్క, ఉల్లిపాయలు తరుగుతూనే.

దానికి ఆనాడే తెలుసట. పడవ చెక్క ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజే. మేమే నోరెత్తనివ్వలేదట. బొట్టు తీయబోతే అమ్మ చెయ్యి పట్టుకుందట. వస్తాడు వస్తాడంటూ ఒక్కరూ తనని తనివితీరా ఏడవనివ్వలేదట. కథలో కూడా చచ్చినవాణ్ణి లేపి కూర్చోబెడుతుంటే ఒళ్ళు మండేదట.

నువ్వూ అంతేనే, బతికించే చోటు రాగానే నీ గొంతు లేస్తది అంది.

నిజమే. ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు.

17-7-68

మరిది చేత బావకి కర్మ చేయించాలని అక్క పొద్దున్నే నిజాంపట్నం బస్సెక్కింది. అమ్మ అడ్డం చెప్పలేదు. బస్సు కదులుతుంటే నేనే అన్నాను, ఈలోగా బావ వస్తే ఎలాగని.