మన ఎర్ర కారు గెలిచిన రేసు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆ కబురు ఆలస్యంగా తెలిసి, ఒకప్పుడు నీతో పోటీపడిన ఒక పెద్దాయన ఇవాళ చెన్నై నుంచి మైపాడు వచ్చారు. మన పాత స్పోర్ట్స్ కారు రేసు గెలిచిందని నువ్వు చెబితే మేమెవరమూ నమ్మలేదు కదా. తుక్కు షాపులో కొని ఉంటావని అమ్మ నవ్వేది.

ఆయన చేతికర్ర పక్కన పెట్టి, కారు కుడి తలుపు మీది సొట్టను నెమ్మదిగా తడిమారు.

"ఇది నా బండి తగిలి పడిందేనమ్మా. ఆఖరి మలుపులో అడ్డం పోయినా. అయినా మీ నాయన ఆపలా, గెలిచినాడు" అన్నారు.

అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండన్నా, ఎవురు గెలిచినారు?" అని అడిగింది.