మందు లేని మాత్ర

ఫిబ్రవరి 5, గురువారం

ఈరోజు కండక్టర్ గారు నా షీటుని ఉతికి ఆరేశారు. పైకి చదువుతూ మూడుచోట్ల ఆగిపోయారు. నాలుగోచోట ఆగకుండా నవ్వారు. అదింకా అవమానం.

నా ఉద్యోగం ఇదీ. మా ఆసుపత్రిలో మొదలవబోయే ప్రతి కొత్త మందు ట్రయల్‌కీ, అదెలా నడపాలో చెప్పే ఎనభై పేజీల ప్రోటోకాల్ నా టేబుల్ మీదికి వస్తుంది. దాన్ని మామూలు మనుషుల భాషలో ఒక్క కాగితం చెయ్యాలి. కింద హాల్లో ‘రాబోయే ట్రయల్స్’ అని బోర్డు ఉంది, అందులో పెడతారు. పెట్టేముందు వైద్యం ముక్క తెలియని బయటిమనిషి ఒకరు పైకి చదివి, అర్థమైందని సంతకం చెయ్యాలి. రూలు. మూడేళ్ళుగా ఆ బయటిమనిషి ఈయనే. ముప్ఫైనాలుగేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లల్లేరు. ప్రతి గురువారం పదకొండింటికి వస్తారు.

బస్సు ఎక్కడికి పోతుందో ఎవడైనా చెప్తాడమ్మాయ్, ఎక్కడికి పోదో ముందు అరిచి చెప్పాలి, లేకపోతే సగం దారిలో నీ కాలర్ పట్టుకుంటారు అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు. ఫోన్ నంబర్ వచ్చిందంటే కాగితం అయిపోయినట్టేనట. దాని తర్వాత ఏం రాసినా ఎవరూ చదవరట.

నంబర్‌ని చివరికి దింపాను. ఆయన చెప్పింది ఎప్పుడూ తప్పవదు, అదే ఒళ్ళుమంట.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. పాలవాడు కూడా ప్యాకెట్ గుమ్మం దగ్గర పెట్టి పోయాడు.

ఫిబ్రవరి 12, గురువారం

కండక్టర్ గారి చెయ్యి బాగా వణుకుతోంది. రెండేళ్ళుగా ఉన్నదే, పూటకో మాత్ర వేసుకుంటారు. టీ కప్పు సగమే నింపమన్నారు. నింపితే నీ టేబుల్‌కి అభిషేకం అని జోకు. నవ్వాను.

వెళ్ళబోతూ, చెల్లెలు తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతోంది అన్నారు. బస్సులో మూడు గంటల దూరం. ఇక్కడ నాకేముంది, గోడలకి కబుర్లు చెప్పుకోవడం తప్ప, వచ్చేనెల వెళ్ళిపోతానేమో అన్నారు.

మంచిదేకదండీ అన్నాను. నోరు అలా అనేసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

లెక్కేసి చూశాను. గురువారం కాకుండా నేను వారంలో ఎవరితో మాట్లాడతాను? లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ, అదీ ఐడీ కార్డు గురించి. వదిన, నెలకోసారి, ఫోన్లో. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గొడవైనా ఉండేది.

ఫిబ్రవరి 16, సోమవారం

కొత్త ప్రోటోకాల్ వచ్చింది. చేతుల వణుకు జబ్బుకి కొత్త మాత్ర. ఏడాది పాటు, వారానికోసారి ఆసుపత్రికి రావాలి. ప్రతి గురువారం.

మూడుసార్లు చదివాను ఆ లైను. గురువారం.

చేరినవాళ్ళలో సగంమందికి కొత్త మందు. మిగతా సగానికి అచ్చు అలాగే ఉండే మందు లేని మాత్ర. ఎవరికి ఏది వెళ్తుందో కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది. డాక్టర్‌కీ తెలియదు, పేషెంటుకీ తెలియదు. ఇప్పుడు వాడుతున్న మాత్రలు నెలముందే మానెయ్యాలి, డాక్టర్ దగ్గరుండి కొద్దికొద్దిగా తగ్గించాలి. మానేస్తే వణుకు పెరుగుతుంది. ఉత్త మాత్ర వచ్చినవాళ్ళకి ఏడాదంతా అంతే.

ఫిబ్రవరి 19, గురువారం

ఈ షీటు మీరు చదవకూడదు, మీకే ఆ జబ్బు ఉంది కాబట్టి రూలు ఒప్పుకోదు అని చెప్పాను. బాగుందమ్మా, జబ్బున్నవాడికి అర్థం కావాల్సిన కాగితం జబ్బులేనివాడు చదవాలా అన్నారు. బోర్డు మీద పెట్టాక అందరితోపాటు చూస్తాను, బాగుంటే చేరతాను, చెల్లెలింటికి వెళ్ళేది ఎప్పుడైనా వెళ్ళొచ్చు అన్నారు.

బాగుంటే, అన్నారు. బాగుండేలా రాసేది నేనే.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున్న మొదటి డ్రాఫ్ట్ ఎప్పటిలాగే రాశాను. మందు లేని మాత్ర సంగతి రెండో లైన్లో ఉంది. ఎక్కడికి పోదో ముందు చెప్పాలి కదా. చదువుకుంటే ఎవరూ చేరరనిపించింది. ఆయన అసలే చేరరు. సూట్‌కేసు సర్దుకుంటారు.

రెండో డ్రాఫ్ట్ మధ్యాహ్నం. ‘ప్రతి గురువారం డాక్టర్లు మిమ్మల్ని దగ్గరుండి చూసుకుంటారు’ అన్నది పైకి తెచ్చాను. తర్వాత కొత్త మాత్ర గురించి, దాని మీద ఉన్న ఆశల గురించి నాలుగు లైన్లు. పాత మాత్రలు నెలముందు మానాలి అన్నది ఒక లైను, క్లుప్తంగా. తర్వాత ఫోన్ నంబర్. కాగితం తిప్పితే వెనకవైపు, చిన్న పేరాలో, పాతవి డాక్టర్ దగ్గరుండి తగ్గించాలన్నదీ, సగంమందికి ఉత్త మాత్ర అన్నదీ.

ఒక్క అబద్ధం లేదు. ప్రోటోకాల్లో ఉన్నవన్నీ ఉన్నాయి. షీట్లు పాస్ చేసే కమిటీ వాళ్ళు భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు. ఇన్నేళ్ళ అనుభవం మరి. ఏ మాట ఎక్కడ పెడితే కంటపడుతుందో తెలిసినదానికి, ఎక్కడ పెడితే పడదో తెలియదా?

ఈ ట్రయల్ నడిపే డాక్టర్‌కి మెయిల్ చేశాను. పది నిమిషాల్లో జవాబు. మీ షీట్లు ఎప్పుడూ చావుకబురులా ఉంటాయి, ఇదొక్కటే మనసుకి హత్తుకునేలా ఉంది అని.

ఫిబ్రవరి 26, గురువారం

కొత్త రీడర్ వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ, లంచ్ టైములో. పైకి చదవమంటే మొహమాటపడింది. మనసులో చదువుకుని నాలుగు నిమిషాల్లో సంతకం పెట్టింది. వెనక్కి తిప్పిందో లేదో నేను చూడలేదు. చూడలేదు అంటే, కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

సాయంత్రానికి బోర్డెక్కింది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

కండక్టర్ గారు ఫోన్ చేశారు. చదివారట, చేరుతున్నారట, చెల్లెలికి ఇప్పట్లో రానని చెప్పేశారట. నువ్వు రాసే తీరు ఎక్కడున్నా గుర్తుపడతానమ్మాయ్ అన్నారు. ఫోన్ పెట్టాక పాట పాడుకుంటూ గిన్నెలు తోమాను. మధ్యలో నా గొంతు నేనే విని సిగ్గేసి మానేశాను.

మార్చి 5, గురువారం

పదకొండు అయింది. రాలేదు. ట్రయల్‌లో పేరిచ్చినవాళ్ళు రీడర్లుగా ఉండకూడదు, అదీ రూలే. చేరేవాళ్ళకి స్క్రీనింగ్ పరీక్షలు పదహారున మొదలు. అప్పటినుంచి ప్రతి గురువారం కింద వార్డుకి వస్తారుగా, అంతవరకు ఓపిక పట్టలేనా అనుకున్నాను. టీ రెండు కప్పులు పెట్టాను అలవాటుగా. రెండూ నేనే తాగాను.

మార్చి 9, సోమవారం

పొద్దున్న తొమ్మిదిన్నరకి రిసెప్షన్ నుంచి ఫోన్. మీకోసం ఎవరో పెద్దాయన, నిలబడలేకపోతున్నారు, రమ్మని.

చొక్కా గుండీలు ఒక్కటీ పెట్టుకోలేదు. లోపలి బనీను మీద టీ మరకలు. రెండు చేతులూ తొడల మీద పెట్టి అదిమి పట్టుకున్నారు, అయినా మోకాళ్ళు కూడా కదులుతున్నాయి. కాగితంలో నెలముందు మాత్రలు మానాలని రాశావు కదా, ఎటూ మానాల్సిందే అని చదివినరోజే ఆపేశాను అన్నారు. బస్సు రాకముందే స్టాపులో ఉండాలి, వచ్చాక పరిగెత్తేవాడు ప్రయాణికుడు కాదు అన్నారు. ఆ మాట పూర్తిచెయ్యడానికే ఆయాసపడ్డారు. పదకొండు రోజులు. ఎవరినీ అడగలేదు. నేను రాసిన కాగితం ఉందిగా, ఇంక ఎవర్నెందుకు అడగడం?

తర్వాత అడిగారు, కొత్త మందు మొదలెట్టాక ఇది ఎన్నాళ్ళకి తగ్గుతుందని.

మందు రాకపోవచ్చు కదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. వెనకవైపు చదవలేదా అని అడిగాను. ఎవర్ని అడుగుతున్నాను నేను, అదీ ఏ మొహంతో! ఫోన్ నంబర్ వచ్చింది కదా, అయిపోయిందనుకున్నా అన్నారు.

వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి నేనే తోసుకుని ఓపీకి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టర్ పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఒక్కసారిగా మానడం ఎంత ప్రమాదమో చెప్తూ ఆయన్ని చీవాట్లేశారు. నేను పక్కనే కుక్కినపేనులా ఉన్నాను. గుండీలు నేను పెడతానంటే వద్దన్నారు. నర్సు పెట్టింది.

మార్చి 10, మంగళవారం

ఎవర్నీ అడక్కుండా బోర్డు తాళం తీయించి షీటు పీకేశాను. ట్రయల్ డాక్టర్ నా గదికొచ్చి అరిచారు. అప్పటికే పంతొమ్మిదిమంది పేర్లిచ్చారట, ఎందుకు తీశారో కారణం రాసివ్వమన్నారు. రాసిచ్చాను. చదివి, ఇంతకుముందు బాగానే ఉందిగా, కమిటీ పాస్ చేసిందిగా అన్నారు. పంతొమ్మిదిమందికీ కొత్త షీటు చూపించి మళ్ళీ అడగాలని పట్టుబట్టాను. మెమో ఇచ్చారు. తీసుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అనేది. తొక్కాక కడుక్కోవాలిగా మరి.

పంతొమ్మిదిమందికీ నేనే ఫోన్ చేశాను. ఇంకెవరూ మాత్రలు మానలేదు. ఆయనొక్కరే.

మార్చి 12, గురువారం

కొత్త షీటు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. మూడేళ్ళలో ఇదే మొదటిసారి. ఒక గది, ఒక మంచం, గోడకి ఆవిడ ఫోటో. చేతులు కాస్త నెమ్మదించాయి. కాగితం పైకి చదివారు, ఎప్పటిలాగే.

ఇందులో చేరితే మీ వణుకు తగ్గుతుందని చెప్పలేం. చేరినవాళ్ళలో సగంమందికి మందు లేని మాత్ర ఇస్తారు. మీరు ఏ సగంలో ఉన్నారో ఏడాది దాకా ఎవరూ చెప్పరు. ఆ ఏడాది మీ చేతులు ఇప్పటికంటే ఎక్కువ వణకొచ్చు. పాత మాత్రలు మీ అంతట మీరు మానకండి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఎక్కడా ఆగలేదు. చదివి కాగితం మడత పెట్టడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు.

చేరనమ్మాయ్ అన్నారు. సొంతంగా గుండీ పెట్టుకోవడం ఇంకో ఏడాది ఉంటే అదే పదివేలు అన్నారు. చెల్లెలికి ఫోన్ చేస్తానన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, మొదటిది అలా ఎందుకు రాశావు, నువ్వు అలా రాసే మనిషివి కాదే అన్నారు.

పొరపాటు జరిగిందండీ అన్నాను.

పొరపాటు కాదు. ఆయనకి ఈ ఊళ్ళో ఇంకో ఏడాది ఉండే సాకు కావాలని రాశాను. ఆయన చేతులు పోతే పోనీ, గురువారాలు మిగిలితే చాలని రాశాను. రాసేటప్పుడు ఇలా అనుకోలేదు. కానీ ఇదే రాశాను.

మార్చి 22, ఆదివారం

తొమ్మిదింటి బస్సుకి వెళ్ళిపోయారు. నేను బస్టాండుకి వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను, పనేమీ లేదు.

మార్చి 26, గురువారం

బ్యాంకావిడ వచ్చింది. ఈసారి పైకి చదవాల్సిందే అన్నాను. నిష్టూరంగా చదివింది. ఎక్కడా ఆగలేదు, నవ్వలేదు. షీటు బాగుందంది. బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?

ఏప్రిల్ 1, బుధవారం

వదిన ఫోన్. ఒంటరిగా ఎన్నాళ్ళుంటావు, మా దగ్గరికి రా, పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటూ ఉందువుగాని అంది. బిజీగా ఉన్నాను వదినా అన్నాను.

ఏప్రిల్ 2, గురువారం

పదకొండింటికి బ్యాంకావిడ రాలేదు. ఎవరూ రాలేదు. ఎదురుగా ఉన్న కుర్చీలోకి ఫైళ్ళు చేర్చాను. మధ్యాహ్నం మళ్ళీ తీసి కింద పెట్టాను. ఆయనకి ఫోన్ చేద్దామని నంబర్ నొక్కి, ఏ పని మీద అంటే ఏం చెప్పాలో తెలియక ఆపేశాను.

ఏప్రిల్ 9, గురువారం. సాయంత్రం 4.20

లీవు పెట్టాను. ఇది ఆయన చెల్లెలిగారి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆయన లోపల మాత్ర వేసుకుంటున్నారు. షీటేమీ తేలేదని చెప్పాను. పొరపాటు కాదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, అంతా. కోపంగానే ఉన్నారు. తర్వాత, మన ఊరికి నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఆరున్నరకే అన్నారు.

నాలుగింటి బస్సు పోయింది.