స్పూల్ టేపులోని గొంతు

మణుగూరు,
6 జూలై 2003

ప్రియమైన నవతకు,

నువ్వు ములకలపల్లి వెళ్లి నెల తిరగకముందే మన క్వార్టర్‌కు కొత్త చుట్టం వచ్చింది. కోప్పడకు, అది పాత టేప్ రికార్డర్. క్యాసెట్‌ది కాదు, పళ్లెమంత చక్రాలు రెండు పైన తిరిగే స్పూల్ రకం. సర్వేయర్ వెంకటరామారావు గారు రిటైరై ఇల్లు ఖాళీ చేస్తూ, "ఇది నడవదు వీరేందర్. ఎలక్ట్రీషియన్‌వి గదా, నీ చేతిల పడితే నడుస్తదేమో చూడు" అని ఇచ్చారు. అడవుల శాఖలో పనిచేసి పోయిన వాళ్ల అన్నగారిదట.

బాగుచేయడానికి వారం పట్టింది. మోటారు మీది ఇత్తడి చక్రం విరిగిపోతే, మా గని వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద కొత్తది చేశాను. నిన్న స్విచ్ వేశాక నిమిషం దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత లోపలి గాజు బుడ్డీలు, అవే వాల్వులు, ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. కాలిన దుమ్ము వాసన వచ్చింది. మన సీడీ ప్లేయర్ నొక్కగానే పాడుతుంది. దీనికి మాత్రం మనం కాసేపు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపే నాకు నచ్చింది.

దానితో వచ్చింది ఒకే ఒక్క టేపు. డబ్బా మీద "ములకలపల్లి క్యాంపు, 1972" అని రాసి ఉంది. అందులో ఒక ఆడపిల్ల కోయ భాషలో పాడుతోంది. డోలు లేదు, తాళం లేదు, ఒట్టి గొంతే. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని పాడినట్టుంది. ఎవరై ఉంటుంది? నర్సు పని మీద ఆ ఊళ్లన్నీ నువ్వు తిరుగుతావు కదా. పాటను క్యాసెట్‌లోకి ఎక్కించి పంపుతున్నాను. ఒకసారి అడిగి చూడు.

నీ వీరేందర్


ములకలపల్లి,
20 జూలై

ప్రియమైన శ్రీవారికి,

చుట్టం అంటే ఎవరో అని కంగారుపడ్డాను. వానలకు సబ్‌సెంటర్ ఫోను మూగబోయింది. ఇక మనకు ఉత్తరాలే గతి.

మలేరియా రోజులు కదా, పొద్దున లేస్తే పరీక్షకు రక్తపు చుక్కలు తీసుకుంటూ ఊళ్లు తిరగడమే పని. ఇప్పుడు నా సంచిలో మందులతో పాటు చిన్న టేప్ రికార్డర్ కూడా ఉంటోంది. వరుసలో కూర్చున్న వాళ్లకు మీ పాట వినిపిస్తున్నాను. వాగు దాటి వెళ్లిపోయిన తెల్ల ఎద్దును వెనక్కి పిలిచే పాటట. పాట చాలామందికి తెలుసు, గొంతు మాత్రం ఎవరికీ తెలియదు. మొదట మీ కోసం అడిగాను, ఇప్పుడు నాకే నిద్ర పట్టడం లేదు.

నిన్న ఒక ముసలామె జంపక్క అనే పిల్ల గురించి చెప్పింది. పదహారేళ్ల పిల్ల, చక్కగా పాడేదట. ఆ ఏడే, 1972 వానాకాలంలో జ్వరంతో పోయిందట. తల్లి బుల్లెమ్మ ఇంకా ఉంది. చూపు ఆనదు. వచ్చే ఆదివారం ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ తల్లి బిడ్డ గొంతు వింటుంది. మీ డబ్బా మీద కోపమంతా పోయింది.

మీ నవత


మణుగూరు,
25 జూలై

ప్రియమైన నవతా,

ఆ క్యాసెట్ బుల్లెమ్మకు వినిపించకు.

నిన్న మా వర్క్‌షాపు రామ్‌చందర్ వాళ్ల ఇంట్లోని పాత స్పూల్ తెచ్చాడు. అందులో వాళ్ల నాన్న మాటలున్నాయి. నా మిషన్ మీద పెడితే ఆ పెద్దాయన చిన్నపిల్లలా మాట్లాడాడు. అందరూ పడిపడి నవ్వారు. నేను మాత్రం మోటారు చక్రం ఊడదీసి కొలిచి చూశాను. నేను చేసింది ఉండాల్సిన దానికంటే పెద్దది, అందుకే టేపు ఎక్కువ వేగంగా తిరుగుతోంది. సరైన కొలతకు తీసి మళ్లీ పెట్టాను. పాడింది ఆడపిల్ల కాదు నవతా. పడుచు మగవాడు, నిదానంగా పాడుతున్నాడు.

ఇది ఆదివారం లోపల చేరాలని బస్టాండుకు వెళ్లి పోస్టు చేస్తున్నాను.

వీరేందర్


ములకలపల్లి,
29 జూలై

ప్రియమైన మీకు,

ఉత్తరం ఈరోజు అందింది. నేను మొన్న ఆదివారమే వెళ్లొచ్చాను.

బుల్లెమ్మ టేప్ రికార్డర్‌ను ఒళ్లో పెట్టుకుని వింది. పాట అయ్యాక దాని మీద చెయ్యి ఆనించి, "నా బిడ్డనే" అంది. క్యాసెట్ ఆమెకే ఇచ్చి వచ్చాను. దారి పొడుగునా ఏదో పుణ్యం చేసినట్టు అనిపించింది. ఇప్పుడు అన్నం దిగడం లేదు. చెబితే బిడ్డను రెండోసారి పోగొట్టినట్టు. చెప్పకపోతే నేను ఆ ఊరి వైపు ఏ ముఖంతో వెళ్లేది?

ఏం చేయమంటారు?

నవత


మణుగూరు,
2 ఆగస్టు

ప్రియమైన నవతకు,

చెప్పు. తప్పు నా కొలతది, నా పేరు పెట్టే చెప్పు. నేనే రావాల్సింది, గనిలో సెలవు దొరకలేదు. అందుకే మిషన్‌ను జీపు డ్రైవరుతో పంపుతున్నాను. క్యాసెట్‌లోకి ఎక్కిస్తే ఆ గొంతు పలచబడుతుంది. పాడినవాడు దొరికితే దీని మీదే వినాలి. స్విచ్ వేసి వాల్వులు ఎర్రబడేదాకా ఆగు, తొందరపడకు.

నీ వీరేందర్


ములకలపల్లి,
10 ఆగస్టు

ప్రియమైన శ్రీవారికి,

చెప్పేశాను. బుల్లెమ్మ చేతులు పట్టుకుని, అది జంపక్క కాదని, మిషన్ తప్పుగా తిరిగిందని చెప్పాను. ఆమె నా తల నిమిరి, "నాకు ఎరుకే బిడ్డా. నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? గంత దూరం నడిచి తెస్తివి, కాదన బుద్ధి కాలె" అంది.

నేను ఏడ్చాను. ఆమే నన్ను ఓదార్చింది. క్యాసెట్ వెనక్కి తీసుకోబోతే ఇవ్వలేదు. గొంతు ఎవరిదైనా ఆ ఈడు పిల్ల ఒకతి ఇంట్లో పాడుతున్నట్టుంటుందట. ఉంచేసుకుంది.

పాట ఎవరిదో కూడా ఆమే చెప్పింది. ఆ మాటలు కట్టింది పక్క గూడెంలోని పగిడయ్యట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పగిడయ్య ఇంటికి నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వాళ్ల ఆడవాళ్లనే అడిగి వచ్చాను. ఆయన అక్కడే బుట్ట అల్లుతూ కూర్చుని ఉన్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు ఆడపిల్లను దేవులాడుతుంటిరి. నన్నెవ్వరు అడిగిండ్రు సిస్టరమ్మా?" అన్నాడు.

అప్పట్లో అడవుల శాఖ క్యాంపు ఆఫీసరు టేపులోకి పాడించుకుని, పొద్దున వినిపిస్తానని చెప్పి తెల్లారకముందే వెళ్లిపోయాడట. పగిడయ్య తన గొంతును తాను ఎన్నడూ వినలేదు. దగ్గు జబ్బు చేశాక పాడటం కూడా మానేశాడు.

ఈరోజు బడిలో కరెంటు ఉంటే మీ మిషన్‌ను అక్కడ పెట్టాము. బుల్లెమ్మను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వాల్వులు ఎర్రబడేదాకా ఊరంతా మిషన్ చుట్టూ మూగి చూసింది. పాట మొదలైంది. నేను రెండు వారాలు సంచిలో మోసిన పాటే, కానీ ఎంత నిదానమో. ఆ మనిషి నిజంగా వాగు ఒడ్డున నిలబడి, ఎద్దు తిరిగి చూస్తుందేమోనని ఆగి ఆగి పిలుస్తున్నట్టుంది. పగిడయ్య తల వంచుకుని చివరిదాకా విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారి అయ్యాక, మా అందరి వైపు చూసి మెల్లగా అన్నాడు.

"ఈ పిలగాడు మంచిగనే పాడుతుండు."

మీ నవత