మూడు రోజుల తవుడు

గురువారం. బంద్ అయిపోయిన మరునాడు.

తెలంగాణ బంద్‌కు మూడు రోజులు ఆటోలు నడవవని, మూడు రోజుల తవుడు ఒక్కసారే మా చేపల కుంటలో పోసి వచ్చాను. ఈరోజు పోయి చూస్తే పద్నాలుగు చేపలు పొట్టలు ఉబ్బి తేలి ఉన్నాయి.

కబురు చేస్తే వచ్చిన చేపల ఆఫీసు అమ్మాయి ఒకదాని పొట్ట కోసి చూసింది. "పేగులల్ల మంచి క్రిములుంటయి తాతా. తిండెక్కువైతే గవి తగ్గి చెడ్డయి పెరుగుతయి. రెండు దినాలు ఏం వెయ్యకు."

క్రిముల్లో మంచివేమిటో. అడగడానికి మొహమాటపడి తల ఊపాను.

వెంట వచ్చిన మా ముసలిది ఊరుకోలేదు. "పానం బాగలేనోటిని ఉపాసం పెడ్తరా? నీకు జరమొస్తే గంజన్న పోస్త గదా."

ఎవరి మాట వినాలో తెలియలేదు. పొద్దు గూకే వేళ మిగిలిన చేపలు నా నీడ చూసి నోళ్లు తెరుచుకుని ఒడ్డుకు వచ్చాయి. నీడ నీళ్లమీద పడకుండా వెనక్కి జరిగి, తవుడు గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.