కోత ఆయనది, కుట్టు నాది

అక్కా, ఎంత విసిగించినా నన్ను వదిలిపెట్టని అక్కా,

సముద్రం పక్కనున్న సత్రం నుంచి రాస్తున్నాను. గుడి ఇంకా చాలా దూరం. నీ మరిది స్నానానికి వెళ్ళారు. వచ్చేలోపు నాకు రెండు పనులున్నాయి. ఒకటి ఈ ఉత్తరం. రెండోది వింటే నవ్వుతావో ఏడుస్తావో తెలియదు.

కుట్టు దుకాణం మూసేసి ఉన్నట్టుండి ఈ కాలినడక ఏమిటని నువ్వు అడిగితే మొక్కు అన్నాను. అబద్ధం. తీరం వెంట చివరి గుడి దాకా ఇద్దరం నడవాలని పెళ్ళయిన కొత్తలో అనుకున్న మాట మాత్రం నిజం. పెళ్ళిబట్టలనీ, బడిపిల్లల యూనిఫాంలనీ ఏటా వాయిదా వేశాం. మొన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని మందులకి పంపి, నాతో చెప్పింది. కడుపులో జబ్బు ముదిరిపోయిందట. కోసినా లాభం లేదట. "ఆయనకి ఏది ఇష్టమైతే అది చేయనివ్వండి" అంది. బయటికొచ్చి, అజీర్తేనట అన్నాను. "నే చెప్పలా, అంతా నీ వంట పుణ్యమే" అని నవ్వారు.

ఇక రెండో పని. ఆయన రోజురోజుకీ చిక్కిపోతున్నారు. ప్యాంటు వదులైతే తనకే తెలిసిపోతుందని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా నడుము దగ్గర రెండు పక్కలా విప్పి, కాస్త లోపలికి పట్టి కుట్టేస్తున్నాను. అది తొడుక్కుని, "చూశావా, ఎలా సరిపోయిందో. నేనేం చిక్కలేదు" అంటారు. జేబులో గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క కూడా వేసుకొచ్చారు, అలవాటు పోక. దేవుడికి కొలతలు తీస్తారా అని వెక్కిరిస్తాను. నవ్వుతూనే ఉంటాను గానీ లోపల నా ప్రాణం పోతోంది.

గుడి చేరేదాకా చెప్పను. నువ్వూ నోరు జారకు. జవాబు తర్వాతి సత్రానికి రాయి.

నీ చెల్లి

* * *

అక్కా,

నీ తిట్లన్నీ అందాయి. "చావు ఆయనది, దాచడానికి నువ్వెవరు?" అని రాశావు. నీతో ఇక మాట్లాడకూడదనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలిగాను కూడా.

ఇవాళ ఆయన నడవలేక ఇసుకలో కూర్చుండిపోయారు. తోటి యాత్రికులు ఆగి, అదిగో గుడి శిఖరం కనిపిస్తోంది, కాస్త ఓపిక పట్టండి అన్నారు. "అది ఎక్కడికీ పోదు, మీరు పదండి" అని వాళ్ళని సాగనంపారు. ఎలాగో సత్రానికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. కునుకు పట్టిందనుకుని, విడిచిన ప్యాంటు తిరగేశాను.

నడుము పట్టీ లోపల, ఎడమపక్క, సుద్దగీత ఉంది. సన్నగా, తిన్నగా, నా కుట్టుకి కాస్త బయటగా. మా దుకాణంలో కోత ఆయనది, కుట్టు నాది, నీకు తెలుసుగా. ఆయన గీసిన గీత మీద కుట్టడమే తప్ప నా అంతట నేను కొలత పెట్టింది లేదు. ఊరందరి నడుములూ కొలిచిన మనిషికి తన నడుము తెలియదనుకున్నాను చూడు, నా అంత తెలివితక్కువది ఉంటుందా?

తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నారు.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మొదటి కుట్టు నుంచి. ఎడమపక్క ఎక్కువ పట్టేశావు, ఒరుసుకుపోతోంది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే ఎలా చెప్పను? ఒరుపు ఓర్చుకోలేక గీత గీశాను, అంతే."

తనివితీరా ఏడ్చాను అక్కా. భయమేస్తోందని ఆయన అన్నారు. నాకూ అన్నాను. ఇన్నాళ్ళూ పక్కపక్కనే నడుస్తూ ఎవరి భయం వాళ్ళం మోసుకొచ్చాం. గుడికి ఇక వెళ్ళడం లేదు. ఈ గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, ఆయనకి అది చాలట. నువ్వు వెంటనే బయలుదేరి రా.

తర్వాత ఆయన ఎదురుగానే కూర్చుని ఆ గీత మీదే కుట్టాను. దారం కొరికి, "మళ్ళీ వదులైతే? పక్కన ఇంకో గీత గీసిపెట్టండి" అన్నాను. ప్యాంటు తీసుకుని, కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా చూసుకున్నారు.

"ఇంకోటి అక్కర్లేదులే" అని, సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

నీ చెల్లి